సోమాలియా కమ్యూనికేషన్ల శాఖకు బహిరంగ లేఖ: నోళ్లు మూయిస్తే విలువలు నిలవవు

మొగదిషులోని కమ్యూనికేషన్ల, సాంకేతిక మంత్రిత్వ శాఖ పెద్దలకు నమస్కారాలు.

2023 ఆగస్టు 20న మీ శాఖ టిక్‌టాక్, టెలిగ్రామ్, పందేల యాప్ వన్‌ఎక్స్‌బెట్‌లను నిలిపివేయాలని ఇంటర్నెట్ కంపెనీలను ఆదేశించింది. నాలుగు రోజుల గడువు పెట్టింది. ఉగ్రవాదులూ, నీతి తప్పిన గుంపులూ వీటి ద్వారా భయానక దృశ్యాలను, అబద్ధాలను జనంలోకి తోస్తున్నారన్నది మీరు చెప్పిన కారణం. ప్రకటన ఘనంగానే వచ్చింది, ఫోన్లలోంచి టిక్‌టాక్ మాత్రం పోలేదు. అయినా ఈ లేఖ రాస్తున్నాను. ఆ ఆదేశం వెనుక ఒక నమ్మకం ఉంది. సోమాలీల విలువలను ఇంటర్నెట్ ఎక్కడి నుంచో వచ్చి చెరుపుతోందని, తీగ తెంపితే పాత విలువలు వాటంతట అవే తిరిగి వస్తాయని. ఆ నమ్మకం తప్పు. దాని మూల్యం ముందుగా చెల్లించేది మీ ఆడపిల్లలు, మీ కవులు, ప్రశ్నలడిగే మీ అధ్యాపకులు.

నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే అధ్యాపకుణ్ణి. మా నగరంలోని కళాశాలలకు మీ ప్రాంతం నుంచి విద్యార్థులు చాలా ఏళ్లుగా వస్తున్నారు. వాళ్లతో మాట్లాడుతూనే మీ సమాజాన్ని గురించి చదవడం మొదలుపెట్టాను, ఇంకా చదువుతూనే ఉన్నాను. ఫీజు డబ్బు అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉన్న అన్న పంపడం, తల్లి అనారోగ్యం సంగతి నైరోబీలోని పిన్ని వాట్సాప్‌లో చెప్పడం, పెళ్లి మాట లండన్‌లోని మేనమామ ఫోన్లో ఖాయం చేయడం వాళ్లకు మామూలు విషయాలు. మూడు ఖండాలకు చెదిరిపోయిన కుటుంబం రోజూ ఒకచోట చేరేది ఆ ఫోన్లోనే. దాన్ని తెంపడం గురించి మాట్లాడేవాళ్లు ముందుగా ఈ మాట గుర్తుంచుకోవాలి.

మీ దేశానికి ఇంటర్నెట్‌ను ప్రభుత్వం తీసుకురాలేదు. 1991 జనవరిలో నియంత సియాద్ బారే పారిపోయాక టెలిఫోను శాఖ అన్నదే లేకుండా పోయింది. ఆ శూన్యంలో తీగలు లాగింది, టవర్లు కట్టింది వ్యాపారులు. 2001 నవంబరులో అమెరికా డబ్బు బదిలీలు చేసే అల్ బరకాత్ సంస్థ మీద ఆంక్షలు పెట్టినప్పుడు విదేశాల నుంచి డబ్బు పంపే దారులతో పాటు దేశంలోని ఏకైక ఇంటర్నెట్ సంస్థ కూడా మూతపడింది. ఆ సంస్థ ఉగ్రవాదులకు డబ్బు చేరవేసిందనడానికి ఆధారం దొరకలేదని తర్వాత సెప్టెంబరు 11 దాడులపై వేసిన అమెరికా కమిషనే తేల్చింది. ఈలోగా నలిగింది మామూలు కుటుంబాలు. ఉగ్రవాదం పేరుతో తీగ తెంపితే ఎవరికి దెబ్బ తగులుతుందో సోమాలీలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

తర్వాతి ఏళ్లలో ఫోను మీ ప్రజలకు బ్యాంకు కూడా అయింది. 2009లో సోమాలీలాండ్‌లో జాద్, 2011లో దక్షిణాన ఈవీసీ ప్లస్ అనే ఫోన్ చెల్లింపు సేవలు వచ్చాయి. 2018లో ప్రపంచ బ్యాంకు లెక్కకట్టినప్పుడు నెలకు 15 కోట్ల 50 లక్షల లావాదేవీలు, వాటి విలువ 270 కోట్ల డాలర్లు. పదహారేళ్లు దాటిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఫోన్ ద్వారానే డబ్బు చెల్లిస్తున్నారని అప్పుడు తేలింది. ఒకప్పుడు అప్పు పుట్టాలన్నా, సరుకు కదలాలన్నా ఎవరి వంశం ఏది, ఎవరు ఎవరికి హామీ అన్నది ముఖ్యం. ఇప్పుడు టీ అమ్మే ఆవిడ ఎదుటివాడి తాతముత్తాతల పేర్లు అడగకుండా డబ్బు తీసుకుంటోంది. నమ్మకం అనే విలువ ఇక్కడ పోలేదు, దాని చిరునామా మారింది. మీ శాఖ మాట్లాడే విలువల జాబితాలో ఇది ఎందుకు కనిపించదో నాకు అర్థం కాదు.

వంశం ఊసు వచ్చింది కాబట్టి అసలు విషయానికి వస్తాను. సోమాలీ పిల్లలకు తండ్రి, తాత, ముత్తాత అంటూ వెనక్కి పోయే పేర్ల వరుసను కంఠతా పట్టించే ఆచారం ఉంది, అబ్‌తిర్సీ అంటారు. వంశాల మధ్య తగాదా వస్తే పెద్దలు చెట్టు కింద కూర్చుని హీర్ అనే ఆచార న్యాయం ప్రకారం తీర్పు చెబుతారు. ప్రాణం పోతే మాగ్ అనే పరిహారం, సంప్రదాయం ప్రకారం మగవాడికి నూరు ఒంటెలు, స్త్రీకి యాభై. రాజ్యం కూలిపోయిన రోజుల్లో లక్షలాది మందిని పూర్తి అరాచకం నుంచి కాపాడింది ఆ పెద్దలే. ఆ వ్యవస్థను నేను తేలిగ్గా తీసివేయను. కానీ ఆ చెట్టు కింద స్త్రీకి చోటు లేదు. ఆమెకు జరిగిన అన్యాయం గురించి ఆమె తరఫు మగవాళ్లు మాట్లాడతారు, ఆమె పేరు మీద వచ్చిన పరిహారాన్ని వాళ్లే పంచుకుంటారు.

ఫోను వచ్చి చేసిన అతి పెద్ద పని ఇక్కడే ఉంది. 2024 తొలి నెలల్లో మొగదిషులో ఒక భర్త భార్యకు నిప్పంటించాడు. ఆమె చనిపోయింది. ఇలాంటివి అంతకుముందు ఎన్నో పరిహారాల మాటున కనుమరుగయ్యాయి. ఈసారి అలా కాలేదు. వార్త ఫోన్లలో పాకింది, స్త్రీలు వీధిలోకి వచ్చారు, కేసు న్యాయస్థానానికి వెళ్లింది, నేరస్తుడికి మరణశిక్ష పడింది. మరణశిక్షను నేను సమర్థించను, అది వేరే చర్చ. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక ఇల్లాలి చావు రెండు వంశాల మధ్య లెక్కగా ముగిసిపోకుండా దేశమంతటి వ్యవహారం అయింది. దీన్ని విలువల పతనం అనగలరా?

బాలికల జననాంగ ఛేదనం సంగతీ అంతే. 2020లో వెలువడిన మీ దేశ ఆరోగ్య, జనాభా సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 99 శాతం మంది దానికి గురైనవారే. 2012 తాత్కాలిక రాజ్యాంగం 15వ అధికరణలో దాన్ని నిషేధించింది. కాగితం మీద నిషేధం ఉండి, ఇళ్లలో మౌనం రాజ్యమేలిన విషయం ఇది. ఆ మౌనం తల్లీకూతుళ్ల మధ్య కూడా ఉండేదని నా విద్యార్థినులు చెప్పారు. ఇప్పుడు సోమాలీ వైద్యులు, సోమాలీ యువతులు తమ భాషలోనే దాని గురించి వీడియోల్లో మాట్లాడుతున్నారు. మతం దాన్ని కోరదని చెప్పే షేక్‌లూ అక్కడే మాట్లాడుతున్నారు. ఒక నమ్మకం మారాలంటే ముందు దాని పేరెత్తే ధైర్యం రావాలి. ఆ ధైర్యం చాలామందికి అర్ధరాత్రి దుప్పటి కింద, ఫోను వెలుగులో వచ్చింది.

మతం విషయంలో మార్పు ఇంత సూటిగా లేదు. సోమాలీల ఇస్లాం శతాబ్దాల పాటు ఖాదిరియా, సాలిహియా వంటి సూఫీ మార్గాల నీడలో పెరిగింది. వలీలనే పుణ్యపురుషుల సమాధుల దగ్గర జాతరలు, ప్రవక్త జన్మదినాన పాటలు. 1970లలో చమురు డబ్బు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్లు మరింత కఠినమైన బోధనను వెంట తెచ్చుకున్నారు. (మా కరీంనగర్, కడప ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లూ గల్ఫ్ నుంచి రియాళ్లతో పాటు కొత్త అలవాట్లు తెచ్చారు, అందుకే ఇది నాకు కొంత తెలిసినట్టే ఉంటుంది.) క్యాసెట్లతో మొదలైన ఆ బోధన యూట్యూబ్‌తో ప్రతి ఇంటికీ చేరింది. నైరోబీ మసీదులో చెప్పిన ప్రసంగం అదే సాయంత్రం స్టాక్‌హోంలో వినబడుతోంది. ఊరి షేక్ చెప్పిందే వేదం అనే కాలం పోయింది. అందువల్ల కొందరు మునుపటికంటే నియమనిష్ఠలతో ఉంటున్నారు, కొందరు అమ్మమ్మ పాడిన సూఫీ పాటలను తప్పుగా చూస్తున్నారు, ఇంకొందరు ఎవరికీ చెప్పుకోలేని సందేహాలతో ఉన్నారు. ఇంటర్నెట్ సోమాలీలను మతానికి దూరం చేసిందని భయపడేవాళ్లు ఈ సగాన్ని చూడరు. చాలామందిని అది మతానికి, అందులోనూ ఒక కఠినమైన రూపానికి, దగ్గర చేసింది.

సందేహం బయటపెట్టినవాళ్లకు ఏమవుతుందో కూడా చెప్పాలి. వేరు దేశంగా ప్రకటించుకున్న సోమాలీలాండ్ రాజధాని హర్గెయిసా మీ ఆదేశాలు పాటించదని తెలుసు, అయినా అక్కడివాళ్లూ సోమాలీలే. 2019లో అక్కడ ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు కరువు పోవడానికి ప్రార్థనలు చేస్తే చాలా అని ఫేస్‌బుక్‌లో ప్రశ్నించినందుకు రెండున్నరేళ్ల జైలు శిక్ష వేశారు. అంతకు ఏడాది ముందు, 2018 ఏప్రిల్‌లో, సోమాలీల ఐక్యత గురించి రాసినందుకు కవయిత్రి నయీమా కొరానేకు మూడేళ్లు వేశారు. తర్వాత క్షమాభిక్ష పెట్టారనుకోండి. కవిత్వమే ప్రాణంగా బతికిన జాతిలో కవిని జైలుకు పంపడం కంటే పెద్ద విలువల పతనం టిక్‌టాక్‌లో నాకు కనిపించలేదు.

ఇక చెడు వైపుకు వస్తాను. మీ ఆందోళనకు ఆధారం లేదని నేను అనడం లేదు. ఉగ్రవాద ముఠా అల్ షబాబ్ 2011 చివరలో ట్విట్టర్‌లో ఇంగ్లీషులో ఖాతా తెరిచి కెన్యా సైన్య ప్రతినిధితో రోజూ వాదులాడింది. 2013 సెప్టెంబరులో నైరోబీ వెస్ట్‌గేట్ దుకాణ సముదాయంలో జనాన్ని చంపుతూ ఆ సంగతిని అప్పటికప్పుడు ట్విట్టర్‌లో ప్రకటించింది. మినియాపొలిస్‌లో పెరిగిన పిల్లలను వీడియోలు చూపి యుద్ధానికి రప్పించింది. ఇది నిజం.

తహ్రీబ్ కూడా నిజం. ఇంట్లో చెప్పకుండా సహారా దాటి, లిబియా దాటి, పడవెక్కి యూరప్ చేరాలనుకునే ఆ ప్రయాణానికి ఎందరో యువకులను పురిగొల్పినవి స్నేహితులు యూరప్ వీధుల్లో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫోటోలు. ఆ ఫోటోల్లో చలికాలపు శిబిరాలు ఉండవు, తిరస్కరించిన దరఖాస్తులు ఉండవు. దారిలో మగఫే అని మీవాళ్లు పిలిచే దళారి పిల్లవాణ్ణి బంధించి, వాడి ఏడుపును తల్లికి ఫోనులో వినిపించి డబ్బు అడుగుతాడు. తల్లి ఒంటెలు అమ్ముతుంది, నగలు అమ్ముతుంది, బంధువులు వాట్సాప్‌లో చందాలు పోగుచేస్తారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మీ జెండాతో 200 మీటర్లు పరుగెత్తిన సామియా యూసుఫ్ ఒమర్ 2012లో ఇదే దారిలో మధ్యధరా సముద్రంలో మునిగిపోయింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది వంశాల పోటీ. టిక్‌టాక్ ప్రత్యక్ష ప్రసారంలో తెర రెండుగా చీలుతుంది. అటు ఒక వంశం తరఫు మనిషి, ఇటు మరొక వంశం తరఫు మనిషి. గడియారం నడుస్తుంది. చూసేవాళ్లు డబ్బు పెట్టి కొన్న బహుమతులు విసురుతారు, ఎవరి వైపు ఎక్కువ పడితే వాళ్లది గెలుపు. తాతల యుద్ధాలు, పాత అవమానాలు, తిట్లు అన్నీ బయటికి తీస్తారు. ఒహాయోలో లారీ నడిపేవాడు, బర్మింగ్‌హామ్‌లో టాక్సీ నడిపేవాడు తమ వంశం ఓడిపోకూడదని కష్టార్జితం పంపుతారు. అందులో వాటా కంపెనీకి వెళుతుంది. వంశంలో ఎవరికి జబ్బు చేసినా, ఎవరి పశువులు చచ్చినా కారాన్ అని తలా ఇంత వేసుకునే సొంపైన ఆచారం మీది. ఆ ఆచారంలోని ఆత్మాభిమానాన్నే పట్టుకుని ఈ పోటీలు డబ్బు పిండుతున్నాయి. ఇక్కడ ఇంటర్నెట్ కొత్త విలువను తేలేదు. ఉన్న విలువలోని విషాన్ని వేరు చేసి అమ్ముతోంది. మాకూ ఇది కొత్త కాదు. మా తెలుగువాళ్ల కుల గ్రూపులు, నాయకుల పేరుతో పొద్దున్నుంచి రాత్రి దాకా తిట్టుకునే అభిమానులు ఇదే బాటలో ఉన్నారు.

మరి తెంపేస్తే పోతుందా? 2014 జనవరిలో అల్ షబాబ్ మొబైల్ ఇంటర్నెట్‌ను పదిహేను రోజుల్లో ఆపాలని కంపెనీలకు హుకుం జారీ చేసింది. గూఢచర్యం అన్నది వాళ్లు చెప్పిన కారణం. అప్పుడు మీ ప్రభుత్వమే లొంగవద్దని కంపెనీలకు చెప్పింది. తర్వాత దక్షిణాన మొబైల్ ఇంటర్నెట్ ఆగినప్పుడు జనం కోపగించుకున్నది ఆ ముఠా మీద. తొమ్మిదేళ్లకు అదే రకం ఆదేశం మీ శాఖ ముద్రతో వచ్చింది. కారణాలు వేరు, ఒప్పుకుంటాను. ఫోను చేతిలో ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయికి మాత్రం రెండు ఆదేశాలూ ఒకేలా కనిపిస్తాయి.

మా అనుభవమూ చెబుతాను. భారత ప్రభుత్వం 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. చైనాతో సరిహద్దు ఘర్షణ తర్వాత దేశ భద్రత పేరుతో తీసుకున్న నిర్ణయం అది. ఇక్కడ నిషేధం నిజంగానే అమలైంది. పల్లెల్లో కూలి పనులు చేసుకుంటూ వీడియోలతో పేరు తెచ్చుకున్నవాళ్లు ఒక్క రాత్రిలో తమ ప్రేక్షకులను పోగొట్టుకున్నారు, కొందరు మళ్లీ ఎప్పటికీ వాళ్లను సంపాదించుకోలేకపోయారు. కుల దూషణలు, ఆడవాళ్లను అల్లరిపెట్టే వీడియోలు, అబద్ధాలు మాత్రం వారాల్లో రీల్స్‌కు, షార్ట్స్‌కు ఇల్లు మారాయి. విలువల కోసం నిషేధాలు అడిగే మా పెద్దలకు నేను ఇదే చెబుతుంటాను.

పందెం యాప్ విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను చట్టంతో నిషేధించాయి. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం. పందెం ఆడించడం అంటే మాట్లాడటం కాదు, దోపిడీ. మాటను ఆపడం, దోపిడీని ఆపడం ఒకటే అన్నట్టు మూడింటినీ ఒకే ఆదేశంలో కట్టడం మీరు చేసిన మొదటి పొరపాటు.

2018లో మా దగ్గర పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు పుట్టి, అమాయకులను గుంపులు కొట్టి చంపాయి. ఆ సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఇంటర్నెట్ ఆపలేదు. ఒక్కో పల్లెకు ఒక్కో పోలీసును బాధ్యుణ్ణి చేశారు. డప్పు పట్టుకుని పాటలు కట్టి, ఇల్లిల్లూ తిరిగి, ఆ వీడియోలు ఎందుకు అబద్ధమో వివరించారు. ఆమె పరిధిలోని పల్లెల్లో ఆ పుకారు ఒక్క ప్రాణాన్నీ తీయలేదు. డప్పుతో ఇంత జరిగితే మీ కవులతో ఎంత జరగాలి?

ఆ కవుల సంగతి మీకు నేను చెప్పడం సాహసమే. మా పద్యాలకు యతి ఉన్నట్టు, మీ కవితలో పాదపాదానికీ ఒకే అక్షరం మోగాలి. 1979లో కవి గార్రియే వంశాభిమానాన్ని ఎండగడుతూ ఒక కవిత చెప్పారు. హద్రావితో సహా ఎందరో కవులు అదే అక్షరంతో జవాబు కవితలు కట్టారు. నియంతృత్వం నడుస్తున్న కాలం. రేడియోలో చోటు లేదు. ఆ వాదమంతా క్యాసెట్ల మీద చేతులు మారుతూ దేశం చుట్టింది. అప్పటి కొత్త యంత్రం క్యాసెట్. ఇప్పుడు వంశద్వేషాన్ని మోస్తున్న ఫోనే ఆ కవితకు వారసులైన వాటినీ మోయగలదు. బురాన్‌బుర్ అనే ఆడవాళ్ల కవితలు కట్టి పాడే స్త్రీలు వేలమంది ఉన్నారు, వాళ్ల చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. వాళ్లను ముందుకు రమ్మని పిలిచే పని మీ శాఖది.

మీ బలాన్ని ప్రజల మీద కాక కంపెనీల మీద చూపండి. ఫేస్‌బుక్ కోసం సోమాలీ సహా ఆఫ్రికా భాషల్లోని దారుణ దృశ్యాలను జల్లెడ పట్టినవాళ్లు నైరోబీలో ఒక గుత్తేదారు సంస్థలో తక్కువ జీతాలకు, మనసు చెదిరే పరిస్థితుల్లో పనిచేశారు. 2023లో ఉద్యోగాలు పోయిన 184 మంది కోర్టుకెక్కారు. మీ భాషను చదవగలిగే మనుషులను ఎందరిని పెట్టారో, వాళ్లకు ఎంత జీతం ఇస్తున్నారో టిక్‌టాక్‌ను, ఫేస్‌బుక్ యజమాని మెటాను లిఖితపూర్వకంగా అడగండి, జవాబును ప్రజలకు చూపండి. వంశాల పేరుతో జరిగే పోటీల్లో బహుమతుల డబ్బును ఆపించండి, డబ్బు ఆగితే తిట్లలో సగం ఆగుతాయి. తెలుగు మాట్లాడే మాకూ ఇవే ప్రశ్నలు ఉన్నాయి, మీరు అడిగితే మా గొంతూ కలుస్తుంది. 2017 కమ్యూనికేషన్ల చట్టం, 2023 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మీ చేతిలో ఉన్నాయి. వాటితో ఇది మొదలుపెట్టవచ్చు.

ఒక చివరి విన్నపం. ఇంటర్నెట్‌పై తదుపరి ఆదేశం రాసే ముందు ముసాయిదాను సోమాలీలో ప్రజల ముందు పెట్టండి, అభిప్రాయం చెప్పడానికి కనీసం నెల రోజుల గడువివ్వండి. చర్చకు వంశ పెద్దలను, షేక్‌లను ఎలాగూ పిలుస్తారు. వాళ్ల పక్కనే 2022లో మొగదిషులో మొదలైన మహిళల వార్తా బృందం బిలాన్ విలేఖరులను, తహ్రీబ్‌లో బిడ్డను పోగొట్టుకున్న తల్లులను, టిక్‌టాక్‌లో రోజూ మాట్లాడే కుర్రవాళ్లను కూర్చోబెట్టండి. ముందుగా వాళ్లను మాట్లాడనివ్వండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక అధ్యాపకుడు